అండాలక్కకు నేను చెప్పిన సోమవారం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద మొన్న ఎవరో చీరకు పీకో కొడుతున్నారు. ఆ మిషను గరగర, వేడెక్కిన నూనె వాసన కలిసి వచ్చేసరికి అండాలక్క ఎదురుగా కూర్చున్నట్టే అనిపించి, నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను.

అప్పట్లో నేనొక సహకార బ్యాంకుకు రోజువారీ డిపాజిట్లు వసూలు చేసే ఏజెంటును. దుకాణం దుకాణానికీ తిరిగి, యాభయ్యో వందో తీసుకుని రసీదు రాసిచ్చేవాణ్ణి. ఆ పనికి కావలసిన అర్హత నోరు. దేవుడు నాకది ఇద్దరికి సరిపడా ఇచ్చాడు. తెనాలిలో మా తాతగారి గేదె మద్రాసు రైలుతో పందెం వేసి గెలిచిందని చెబితే, పళ్ళబండి వాళ్ళు కూడా నవ్వి ఇంకో పది కలిపి ఇచ్చేవారు. దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న కిరాయి గదిలో చీరలకు ఫాలూ పీకో కుట్టే అండాలక్క మాత్రం నవ్వేది కాదు. ఆమెది నల్గొండ వైపు ఊరు. తల ఎత్తకుండానే, "బర్రె గెలిస్తె రైలోళ్ళు టికెట్ పైసలు వాపసిచ్చిన్రా, తమ్మీ?" అని అడిగి వంద నోటు తీసేది. ఆరేళ్ళలో ఒక్కరోజు మానలేదు. ఆ గదిని నిలబెట్టుకోవాలంటే యజమానికి ఎప్పుడో ఒకప్పుడు పెద్ద అడ్వాన్సు కట్టక తప్పదని ఆమెకు తెలుసు. కూడబెట్టిందంతా దానికే.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. ఆ బంద్‌ల మధ్యే మా బ్యాంకు మునిగింది. డైరెక్టర్లు తమ బావమరుదులకూ, బావమరుదుల కుక్కలకూ అప్పులిచ్చారంటాను నేను. కుక్కలను నేను కలిపాను, బావమరుదులు నిజం. వెయ్యి రూపాయలకు మించి ఎవరూ తీసుకోకూడదని షట్టర్ మీద కాగితం అంటించారు. టీవీలోనేమో గ్రీసు దేశం అప్పుల్లో మునిగిందనీ, చుట్టుపక్కల దేశాలు కూర్చుని దాన్ని గట్టెక్కిస్తున్నాయనీ వార్తలు. దేశం మునిగితే ఆదుకుంటారు, పెద్ద బ్యాంకు మునిగితే ఆదుకుంటారు. ఫాలు కుట్టే మనిషి మునిగితే "రేపు రండి" అంటారు. ఆ రేపు ఏ క్యాలెండర్లో ఉందో నాకిప్పటికీ దొరకలేదు.

మరునాడే అండాలక్క నన్ను పట్టుకుంది. "ఓనరు అడ్వాన్సు అడుగుతుండు. ఇయ్యకుంటె గది సెల్‌ఫోన్ల దుకాణమోనికి ఇస్తడట. నా పైసలు ఎప్పుడొస్తయ్? నిజం చెప్పు."

నాకు తెలియదు. ఆ ముక్క అంటే సరిపోయేది. "సోమవారం ఇస్తారక్కా. మా బావగారు పై ఆఫీసులో ఉన్నారు, ఆయనే చెప్పారు" అన్నాను. నాకు బావగారే లేరు.

ఆమె నమ్మింది. ఓనరుకు సోమవారమని మాటిచ్చింది. ఊళ్ళో తమ్ముడు ఇస్తానన్న చేబదులు కూడా వద్దంది. సోమవారం బ్యాంకు షట్టర్ లేవలేదు. మంగళవారం ఆమె గదికి సెల్‌ఫోన్ల బోర్డు ఎక్కింది.

వారం రోజులు ఆ వీధి తొక్కలేదు. ఒక బంద్ రోజున, బస్సుల్లేని ఎండలో, మన్సూరాబాద్‌లోని తన ఇంటి నుంచి చైతన్యపురిలో మా కిరాయి ఇంటిదాకా ఆమే నడిచి వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆ రోజుల్లో ఆంధ్రావాణ్ణని కూడా కలిపి తిట్టవచ్చు. మంచినీళ్ళు అడిగి తాగింది.

"నీకు బావ ఉన్నడా?"

"లేడక్కా."

"ఇగ రోజు పదింటికి మా ఇంటికి రావాలె. బ్యాంకుల ఏమైందో చెప్పాలె. ఏం గాకుంటె ఏం గాలేదని చెప్పాలె. గంతె."

"ఏమీ కాకపోతే రావడం దేనికక్కా?"

"పైసలు తీసుకపోనీకి ఆరేండ్లు రోజు ఒచ్చినవ్ గద! లేవని చెప్పనీకి కాళ్ళు నొస్తున్నయా?"

దాదాపు ఏడాది వెళ్ళాను. మిషను ఇంటి వరండాలోకి మారింది, గిరాకీ సగానికి పడింది. "ఏమైంది?" "ఏమీ కాలేదక్కా." "మంచిది, పో." కోతలు కోసే నాలుకకు అంతకు మించిన శిక్ష లేదు. ఒకసారి ఉండబట్టలేక, "మన బ్యాంకు విషయంలో ఢిల్లీలో ఏదో కదలిక ఉన్నట్టుంది" అన్నాను. మిషను ఆగింది.

"ఉన్నట్టుందా, ఉన్నదా?"

"తెలియదక్కా."

మిషను మళ్ళీ తిరిగింది. ఇంకోసారి ఆమే గ్రీసు వార్త విని, "ఆళ్ళకిచ్చేటోళ్ళకు మన్సూరాబాద్ తొవ్వ తెల్వదేమో. నువ్వన్న చెప్పరాదు, తమ్మీ!" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

చివరికి డిపాజిట్ బీమా కింద సొమ్ము ఇస్తారంటూ బ్యాంకు గోడకు పేర్ల జాబితా అంటించారు. ఆమె పేరు మీద మూడుసార్లు వేలు పెట్టి చూసుకుని పరుగెత్తాను. "అక్కా, నీ పేరుంది. నేను చూశాను."

ఎవరు చెప్పారని అడగలేదు. ఉన్నట్టుందా అనలేదు. చీరను సూది కిందే వదిలేసి చెప్పులు వేసుకుంది. నా మాట మీద అంతకు ముందు ఎవరూ అలా లేచి నడవలేదు.

ఆ డబ్బుతో దుకాణం తిరిగి రాలేదు. దిల్‌సుఖ్‌నగర్ కిరాయిలు అప్పటికే ఆమెకు అందనంత దూరం పోయాయి. ఓపిక ఉన్నంత కాలం వరండాలోనే కుట్టింది.

ఇప్పుడు నేను బీమా క్లెయిముల ఆఫీసులో పనిచేస్తున్నాను. "ఎప్పుడొస్తుంది సార్?" అని రోజూ పదిమంది అడుగుతారు. తెలియదంటాను, కనుక్కుని ఫోన్ చేస్తానంటాను. మర్నాడు చేసి ఇంకా ఏమీ తేలలేదని చెబుతాను. ఆ ముక్క చెప్పడానికి ఫోనెందుకయ్యా అని తిడతారు. తిట్లు పూర్తిగా విని, ఆ మర్నాడు మళ్ళీ చేస్తాను.