రెండు తొట్ల అత్త

మా మేనత్త పోయింది. కబురు అందేసరికి నేను కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల బస్సు కోసం నిలబడి ఉన్నాను. మూడో ఉద్యోగమూ మానేశానని ఆమెకే మొదట చెబుదామని బయల్దేరాను. "అక్క లేదు బిడ్డా," అన్నాడు బాపు ఫోన్లో. అంతలోనే, "పందులను ఎవలకన్న ఇచ్చేద్దాం," అన్నాడు.

మంచిర్యాల పక్కన నస్పూర్‌లో బొగ్గుబాయి క్వార్టర్ల వెనుక ఉంది ఆమె పందుల షెడ్డు. కాలేజీ సెలవులన్నీ నాకు అక్కడే గడిచాయి. ఎదిగే పందుల ముందు ఎప్పుడూ రెండు తొట్లు పెట్టేది: ఒకదానిలో మక్కజొన్న నూక, తవుడు, రెండోదానిలో నూనె తీసిన పల్లిచెక్క. చదువుకున్నదాన్ని కదా, ఒకరోజు పుస్తకంలోని లెక్క ప్రకారం అన్నీ కలిపి పోశాను. ఆమె తొంగి చూసి, "మంచిగనే కలిపినవ్. పందినడిగినవా?" అంది.

"అడిగితే చెప్తదా అత్తా?"

"మూతితోని చెప్తది. జర నిలబడి సూడు."

చూశాను. కొత్త పంది పిల్లలు రెండ్రోజులు పల్లిచెక్క మీదే పడ్డాయి. నేను పరేషాన్. "ఫికర్ జేయకు, రుచి ఎరుక గానియ్యి," అంటూ ఆమె తొట్లను అటుదిటు మార్చేది. జాగా అలవాటై తింటున్నాయో, కావాలని తింటున్నాయో అలా తెలుసుకునేది. వారం తిరిగేసరికి వాటంతట అవే రెండు తొట్ల మధ్యా తిరుగుతూ కావలసినంత తిన్నాయి. పెరిగేకొద్దీ నూక తొట్టి ముందు ఖాళీ అయ్యేది. రెండూ ముట్టని పంది పక్కన ఆమె చాలాసేపు కూర్చునేది.

బాపు నన్ను కోచింగుకు పంపడానికి సంచి సర్దించిన రోజు అత్త, "పిల్లనడిగినవా తమ్మీ?" అంది.

"నీ పందుల కాడ ఉంచుకుంటవా అక్కా?"

"ఉంచుకుంట. నీకంటె మంచిగనే సూస్త."

ఇంట్లో అందరికీ నేను నిలకడ లేనిదాన్ని. ఆమెకు మాత్రం ఇంకా రుచి చూస్తున్నదాన్ని.

మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి పెడితే కాకి వచ్చి ముట్టాలి. బాపు అన్నం, మాంసం కూర, గారెలు విడివిడి ఆకుల్లో పెట్టాడు. కాకి గోడ దిగలేదు.

"అక్కకు ఏమన్న మనసుల ఉన్నదేమో," అన్నాడు బాపు.

"మనం మీద పడి నిలబడ్డం బాపూ. జర ఎనుకకు పోదాం." వెనక్కి నడుస్తూ, షెడ్డు నేను చూసుకుంటానని చెప్పాను.

"ఎన్ని రోజులు?"

"ఎరుక లేదు."

బాపు కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కాకి దిగింది. కూర చూసింది, గారె పొడిచి వదిలింది. తొందరేమీ లేనట్టు ఆకుకూ ఆకుకూ మధ్య నడుస్తూనే ఉంది.