నాగమల్లేశ్వరి గారి రెండు యాంప్లిఫయర్లు

మా ఊరు పిస్కాటవేలో నాగమల్లేశ్వరి గారింటికి కొత్తగా వచ్చిన మగవాళ్ళు బేస్‌మెంట్‌లో స్పీకర్లు చూసి ఆవిడ భర్త గౌరీశంకర్ గారిని మెచ్చుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆయనకు ప్లగ్గు పెట్టడం కూడా సరిగా రాదు. వాటిని తయారుచేసింది ఆవిడ. ముప్ఫై ఏళ్ళు మందుల కంపెనీ ల్యాబ్‌లో నాణ్యత పరీక్షించి, రిటైరయ్యాక సోల్డరింగ్ నేర్చుకున్నారు.

మామూలు స్టీరియోలో బరువైన శబ్దాన్నీ సన్నటి శబ్దాన్నీ ఒకే యాంప్లిఫయర్ మోస్తుంది. ఆవిడకది నచ్చలేదు. మృదంగం బరువుకు ఒకటి, తాళాల గలగలకు ఇంకొకటి విడిగా పెట్టారు. దేని వాల్యూమ్ దానిదే. మొదటిసారి అందులో భజన విన్నప్పుడు పాడేవాళ్ళు ఎదురుగా కూర్చున్నట్టే అనిపించింది. అప్పటినుంచి ప్రతి శనివారం వెళ్తున్నాను. ఆవిడ వేసే పెసరట్టు కోసం కూడా అనుకోండి.

అయితే రెండేళ్ళుగా ఆ తాళాలు చెవుల్లో గుచ్చుకుంటున్నాయి. ఆవిడేమో "ఇంకా డల్‌గా ఉందమ్మా" అంటూ సన్న శబ్దాల యాంప్లిఫయర్‌ని కొంచెం కొంచెంగా పెంచేవారు. ఆవిడకు డెబ్భై రెండేళ్ళు. సన్న శబ్దాలు ఆవిడ చెవికి అందడం లేదని నాకు అర్థమైంది కానీ చెప్పడానికి నోరు రాలేదు. గౌరీశంకర్ గారు పక్కనే కూర్చుని బాగుందన్నట్టు తల ఊపేవారు. ఇద్దరం పిరికివాళ్ళమే.

మొన్న శనివారం ఆ యాంప్లిఫయర్ పాడైతే కొత్తది పెట్టారు. ఎప్పటిలాగే తన చెవికి సరిపడా పెంచుకున్నారు. ఆ కొలత రాసిపెట్టుకుందామని మైకు నిలబెట్టి ల్యాప్‌టాప్ తెరిచారు. తెర మీద సమంగా సాగాల్సిన గీత కుడి చివర, సన్న శబ్దాల దగ్గర, నిట్టనిలువుగా లేచింది. మైకు మార్చి మళ్ళీ కొలిచారు. అదే గీత.

నా వైపు తిరిగారు. "నిజం చెప్పు. నీకు హార్ష్‌గా ఉందా?"

"చాలా రోజుల్నుంచీ, ఆంటీ."

"మీకు?" అని భర్తను అడిగారు.

ఆయన తల దించుకున్నారు. "ఉంది. నువ్వు ఎంజాయ్ చేస్తున్నావు కదా అని..."

"రెండేళ్ళు తప్పు రీడింగ్ మీద నాతో సంతకం పెట్టించారన్నమాట!" నాకు సిగ్గేసింది. మేం దయ అనుకున్నది ఆవిడకు అవమానమైంది.

ఆవిడే లేచి గీత సమమయ్యేదాకా వాల్యూమ్ తగ్గించారు. భజన పెట్టారు. గౌరీశంకర్ గారు ఎన్నాళ్ళకో కుర్చీలో వెనక్కి వాలారు. ఆవిడ అది చూశారు.

"తాళాలు వినిపిస్తున్నాయా?"

"చక్కగా వినిపిస్తున్నాయి."

"నాకు వినిపించడం లేదు." ఆయన పక్కన కూర్చుని అరచెయ్యి చాపారు. "ఎక్కడ పడుతున్నాయో వేసి చూపించండి."

ఆయన రెండు వేళ్ళతో ఆవిడ చేతిలో తాళం వెయ్యడం మొదలుపెట్టారు. మృదంగం మాత్రం ఆవిడకు బాగానే వినిపిస్తోంది.

"లేట్‌గా వేస్తున్నారు," అన్నారు కళ్ళు మూసుకునే. ఆయన సర్దుకుని మళ్ళీ వేశారు.