యారాడలో అమ్మోరు, జెనీవాలో ఆఫీసు

బి.ఏ.లో నాకు అంతర్జాతీయ రాజకీయాలు ఒక పేపరు. దేశాలు ప్రేమకొద్దీ కలవవని, ఒంటరిగా తీర్చుకోలేని కష్టం వస్తేనే ఒక బల్ల దగ్గర కూర్చుంటాయని మా మాస్టారు నోట్సు చెప్పేవారు. బట్టీపట్టి, పరీక్ష రాసి, మర్చిపోయాను. ఆ చదువుకి ఉద్యోగం మాత్రం రాలేదు. పెళ్ళయి రేవు పక్కనున్న వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో కాపురం పెట్టాక, డెబ్బైల నడుమ, మశూచి సర్వేలో టెంపరరీ పని దొరికింది. జీతం తక్కువ, నడక ఎక్కువ.

మశూచి అప్పటికే దేశం నుంచి పోయిందని అనుకుంటున్నారు. కాని అనుకుంటే చాలదట. ఎక్కడా ఒక్క కేసు కూడా దాక్కుని లేదని ఇల్లిల్లూ వెతికి, జెనీవాలో దేశాలన్నీ కలిసి నడిపే ఆరోగ్య ఆఫీసుకి చెప్పాలి. నా చేతికి ఒక రంగుల ఫోటో అట్ట ఇచ్చారు. దాని మీద ఒళ్ళంతా పొక్కులతో ఎవరో పసిబిడ్డ. ఇలాంటి పొక్కులు ఎవరికైనా పోశాయా అని గుమ్మం గుమ్మానికీ అడగడమే పని.

యారాడ అనే జాలరి పల్లెకి నడిచి వెళ్ళాలంటే రేవు కాలువ దాటే పడవెక్కి, ఆవలి కొండ ఎక్కి దిగాలి. మొదటిసారి అక్కడ అట్ట చూపించగానే ఒక ముసలమ్మ లోపలికి వెళ్ళి, పసుపూ కుంకుమా తెచ్చి, ఆ బిడ్డ నుదుట పెట్టి దండం పెట్టుకుంది. ఆమె వెనకే ఇరుగూ పొరుగూ. నేను రోగం గురించి అడుగుతుంటే వాళ్ళు అమ్మోరి పటం ఇంటికొచ్చిందనుకున్నారు. నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. మరకలు పడ్డ అట్ట చూసి ఆఫీసులో చీవాట్లు పెట్టింది మాత్రం నన్నే.

మళ్ళీ వెళ్ళినప్పుడు పడవలన్నీ సముద్రం మీద ఉన్నాయి. ఒక్క మనిషి మాత్రం ఇసకలో కూర్చుని చిరిగిన వల అల్లుకుంటున్నాడు. ఆ ముసలమ్మ కొడుకే. చూరుకి వేపమండలు వేలాడుతున్నాయి. ఇంట్లో అమ్మోరుంటే, తగ్గి ఒంటికి నీళ్ళు పోసేదాకా, అక్కడి మగవాళ్ళు చేపల వేటకి వెళ్ళరు, పొయ్యి మీద తాలింపు వెయ్యరు, పైవాళ్ళని గడప తొక్కనివ్వరు. అది రోగమనే మాట ఎవరి నోటా రాదు.

"ఎవలికి?" అని అడిగాను.

"మా గుంటకి," అన్నాడు తలెత్తకుండా, కూతురి గురించి.

అతని భార్య గుమ్మంలోకి వచ్చింది. "నోపలికి రాకప్పా. అమ్మోరు ఆడతంది."

"సిన్నమ్మోరా, పెద్దమ్మోరా?" అన్నాను. పెద్దమ్మోరంటే మశూచి.

"ఆ తల్లి పేరు సెప్పి వొత్తాదేటి? నువ్వు మాత్రం ఎవలికీ సెప్పీకు. జీపులో ఎత్తుకుపోతారట. నా గుంట నా కాడే ఉండాల."

ఆ రాత్రి అన్నం సయించలేదు. మా బావ, అంటే మా ఆయన, రేవులో ఓడల సరుకు లెక్కరాసే టాలీ క్లర్కు. ఓడ వస్తేనే పని, పని ఉంటేనే పొయ్యి. విషయం చెప్పగానే కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"నీకేటి పనే? అది పెద్దమ్మోరైతే ఏ దేశపోడూ మన రేవులో ఓడ కట్టడు. సూసీ సూడనట్టు వొచ్చీలేకపోయావా?"

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. ఒక పసిదాని ఒంటి మీద పొక్కులు లేస్తే, ఎక్కడో ఉన్న రేవుల వాళ్ళు మన ఓడల్ని దూరంగా నిలబెడతారు. నోట్సులో నేను బట్టీపట్టింది ఇదేనన్నమాట. అయినా పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి చెప్పేశాను. దాచిపెడితే ఆ గుంట ఒక్కతే కాదు, పట్నంలో పూర్ణా మార్కెట్ దాకా ఎంతమంది గుంటలో. ఇవాళ అడిగినా అదే చేస్తాను.

పెద్ద డాక్టర్లు వచ్చేదాకా ఆ ఇంటి ముందు కాపలా పెట్టారు. నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. బియ్యం ఏరుతూ లేచి సందు చివరిదాకా వెళ్ళేదాన్ని, ఎందుకు వెళ్ళానో తెలియక తిరిగొచ్చేదాన్ని. రేడియో పెడితే రష్యా అమెరికాని తిట్టిందని, అమెరికా రష్యాని తిట్టిందని వార్తలు. బావ రేడియో నోరు నొక్కేసేవాడు. నాతో మాటలూ తగ్గించేశాడు.

తీరా నేను యారాడలో ఆ ఇంటి ముందు ఎదురుచూస్తుంటే, చుట్టుదారిన వచ్చిన జీపులోంచి దిగింది ఒక రష్యా డాక్టరూ, ఒక అమెరికా డాక్టరూ. ముసలమ్మకి ఆ తేడాలేవీ పట్టలేదు. పసుపు కలిపిన వేపాకు నీళ్ళ చెంబు పట్టుకుని గడపకి అడ్డంగా నిలబడింది. "జోళ్ళిప్పి కాళ్ళు కడుక్కోమను. ఏ దేశపోడైతే నాకేటి?" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఇద్దరూ ప్యాంట్లు మడుచుకుని, ఒకే చెంబు నీళ్ళతో కాళ్ళు కడుక్కుని, వంగి లోపలికి వెళ్ళారు.

పిల్ల తల్లి ఒళ్ళో ముడుచుకుని ఉంది. అమెరికా ఆయన దాని వీపు చూశాడు. రష్యా ఆయన గుప్పిట వైపు చూపించి తెరవమన్నాడు. అది తెరవలేదు. పెద్దమ్మోరైతే అరచేతుల్లోనూ పొక్కులు దట్టంగా పోస్తాయని నాకు ట్రైనింగులో చెప్పారు. తల్లి ఒక్కో వేలూ విడదీస్తుంటే నేను ముందుకు వంగి చూశాను.

చెయ్యి నున్నగా ఉంది. రెండో చెయ్యీ అంతే. అరికాళ్ళూ చూశారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తలూపారు. చిన్నమ్మోరు, అంటే ఆటలమ్మ. పిల్లని ఎక్కడికీ తీసుకెళ్ళరని నేను చెప్పగానే ఆ తల్లి ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను.

వాళ్ళు జోళ్ళు తొడుక్కుంటుంటే ఆమె పిల్లని చంకనేసుకుని గుమ్మం దాకా వచ్చింది.

"నా గుంట సెయ్యి సూడ్డానికి ఇన్ని దేశాలు కలిసొచ్చాయి. మంచిదే. సంద్రంలో ఏ దేశం జెండాలో కట్టుకుని పెద్ద పడవలొచ్చి మా వలలు సింపీసి పోతన్నాయి. మొన్న మా ఆయన పడవనీ గుద్దీబోయాయి. ఆటినాపమని ఈళ్ళకి సెప్పప్పా."

చెప్పాను. ఇద్దరూ శ్రద్ధగానే విన్నారు. అది తమ ఆఫీసు పని కాదని ఒకాయన అన్నాడు. అవునని రెండో ఆయన అన్నాడు. సముద్రం ఎవరిదో తేల్చడానికి ఇంకెక్కడో దేశాలన్నీ కూర్చున్నాయట, ఏళ్ళు పట్టవచ్చట.

"ఏటంటన్నారు?" అంది ఆమె.

"ఆళ్ళ పని కాదట."

ఆమె చూపు ఇసకలో వల అల్లుతున్న మొగుడి మీదికి పోయింది. "అయితే ఎవల పనో కనుక్కునొచ్చి సెప్పు," అంది. "గుంటకి నీళ్ళోసీసిన మర్నాడే ఆడు యేటకెల్తాడు."