ప్రసూనాంబ గారి జేజు ప్రయాణం

ఆకివీడులో చేపల మేత అమ్మే కొట్లు చాలానే ఉన్నాయి. ప్రసూనాంబ లెక్కలో మాత్రం కొట్టంటే తనదొక్కటే, మిగతావి బడ్డీలు. కొల్లేటికోటలో పుట్టింది, మూడో తరగతిలో బడి మానేసింది, ఆకివీడు కోడలై వచ్చింది. మొగుడు కోదండరామయ్య పోయాక నెలకే కొట్టు తాళాలు బొడ్లో దోపుకుని గల్లాపెట్టె ముందు కూర్చుంది. ఏడాది తిరిగేదాకా గడప దాటకూడదని చుట్టాలు వచ్చి చెప్పబోయారు. "ఏడాదీ మీరొచ్చి మేత అమ్మిపెడతారేంటండీ?" అని మర్యాదగానే అడిగింది.

అలాంటి మనిషి నోటికి భయపడనిది ఆ వీధిలో కుక్క కూడా లేదు. కొడుకు వీర్రాజు ముప్ఫై దాటినా తల్లి దగ్గినప్పుడల్లా లేచి నిలబడతాడు.

ఈ ఏడు మేత కంపెనీ వాళ్ళు, సరుకు బాగా అమ్మిన డీలర్లను కొరియా దేశంలో జేజు అనే దీవికి తీసుకెళ్తామన్నారు. కొట్టుకి ఇద్దరు. మనం ఇక్కడ మాడిపోయే వైశాఖంలో అక్కడ వేసవి అప్పుడే తలుపు తడుతుందట. ప్రసూనాంబ వెళ్తుంది, అందులో మాట లేదు. కొట్టు ఆవిడది, అమ్మకం ఆవిడది. రెండో టికెట్టు ఎవరిదన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నని ఆవిడ చంకలో పెట్టుకుని ఊరించసాగింది.

కోడలు ఇందుజది తాడేపల్లిగూడెం. కొరియా సీరియళ్ళు చూసి చూసి అన్నం గిన్నెలో కూడా పుల్లలు పెట్టుకుని తినాలని చూసే పిల్ల. టికెట్టు సంగతి తెలిసిన రోజు నుంచీ అత్తగారి కాళ్ళకు నూనె రాయడం మొదలుపెట్టింది. రాస్తూ ఫోన్లో దీవిని చూపించేది.

"నిప్పుకొండ పేలి పుట్టిన దీవండి అత్తయ్యగారూ. రాళ్ళన్నీ నల్లగా బొగ్గుల్లా ఉంటాయి. నడిమధ్య పెద్ద కొండ, కొండ నెత్తిన చెరువండి."

"చెరువులో ఏం చేపలేస్తారు?"

"వెయ్యరండి. చూడ్డానికేనండి."

"మేత అక్కర్లేని చెరువు కొండమీదుంటేనేం, గుంటలో ఉంటేనేం. ఆ మడమ గట్టిగా తోము."

ఒకరోజు ఇందుజ ఇంకో వీడియో పెట్టింది. నల్లటి రబ్బరు బట్టలు తొడుక్కున్న ముసలాళ్ళు, అందరూ ఆడవాళ్ళే, సముద్రంలో మునిగి నత్తలూ ఆల్చిప్పలూ తీసుకొస్తున్నారు. గాలి గొట్టాల్లేవు, ఊపిరి బిగబట్టడమే. ఒకావిడ నీళ్ళపైకి తేలి, బిగబట్టిన గాలి వదిలితే సన్నగా ఈల వినబడింది. డెబ్బై దాటిన మనిషట. ఒడ్డుకొచ్చి, బుట్ట దింపడానికి వచ్చిన మగాణ్ణి ఏదో అడ్డంగా తిట్టింది.

ప్రసూనాంబ కాళ్ళు వెనక్కి లాక్కుని ఫోను చేతిలోకి తీసుకుంది. మళ్ళీ పెట్టించుకుంది. ఇంకోసారీ పెట్టించుకుంది. కొల్లేట్లో చిన్నప్పుడు తమ్ముళ్ళతో పందెం కట్టి మునిగి, అడుగున మట్టి పిడికిలితో తెచ్చి వాళ్ళ మొహాన కొట్టేది. పెద్దమనిషయ్యాక నీళ్ళల్లోకి దిగనివ్వలేదు. ఆ ఈల వేసే ముసల్దాని పక్కన ఒక్కసారి నిలబడాలి, అంతే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే లోకువైపోమూ.

రెండో టికెట్టు మీద ఆశ పెట్టుకున్న ఇంకో మనిషి లక్ష్మీదుర్గ. కోదండరామయ్య చెల్లెలు. పెళ్ళయిన మూడో ఏడే మొగుడు పోతే ఏలూరులో చీరలకు ఫాల్సులు కుట్టుకుంటూ బతుకుతోంది. ఆవకాయలో ఆవిడ చేయి చెప్పుకోదగ్గది. ఏటా వదినగారింటికొచ్చి జాడీ నింపి, మూడోరోజున తిరగగలిపి వెళ్తుంది. ఈసారి నూజివీడు కాయలు తానే ఏరి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

కాయ కొట్టి, ముక్కలు తుడిచి, ఆవపిండి కలుపుతుండగా మెల్లగా కదిపింది. "ఆ దేశంలో మీకు తిండి సయించదేమోనండి వదినగారూ. పక్కన నేనుంటే ఇంత అన్నం ఉడకేసి పెడతాను. నేనెప్పుడూ ఏలూరు, ఆకివీడూ తప్ప చూడలేదు కదండీ."

పిల్ల అడిగినట్టు అడిగింది పాపం. లేదంటే సరిపోయేది. ప్రసూనాంబ లేదని ఊరుకునే రకం కాదు. కొడుకూ కోడలూ అక్కడే ఉన్నారు, వినేవాళ్ళుంటే ఆవిడ నోటికి ఊపొస్తుంది.

"మొదటిసారి విమానం ఎక్కుతుంటే బొట్టులేని మొహాన్ని పక్కన కూర్చోబెట్టుకోమంటావా దుర్గా? గాల్లో ఆగిపోతే దిగి తోస్తావా? వీర్రాజు పెళ్ళికి తరలి వెళ్ళేప్పుడు నిన్ను మేత బస్తాల గదిలో ఎందుకు కూర్చోబెట్టాననుకున్నావు, బస్తాలు లెక్కపెడతావనా?"

వీర్రాజు నేలచూపులు చూశాడు. లక్ష్మీదుర్గ ముక్కలకు పిండి పట్టిస్తూనే, "సరేనండి వదినగారూ," అంది. ఉప్పు ఇంకొంచెం పడాలేమోనని నాలిక్కి రాసుకుని చూసుకుంది.

చిత్రమేమిటంటే, పదేళ్ళుగా ప్రసూనాంబ నుదుటి మీద ఉన్నది కూడా విభూతి గీతే. తాళాలు బొడ్లో దోపుకున్న రోజు నుంచీ ఆవిడ ఆ సంగతి మరిచిపోయింది. ఆవిణ్ణి చూసి భయపడేవాళ్ళూ మరిచిపోయారు. ఇందుజ మాత్రం మరవలేదు. అత్తగారి మాట విని, చీర కొంగున ముడేసుకున్నట్టు దాచుకుంది.

ఆ ప్రయాణానికి వెళ్ళే డీలర్ల పెళ్ళాలందరికీ ఫోన్లో ఒక వాట్సాప్ గ్రూపుంది. ఈ కొట్టు తరఫున అందులో ఉన్నది ఇందుజే. వినయంగా ఒక ముక్క పెట్టింది. "మొదటి ప్రయాణానికి బొట్టులేనివాళ్ళు పనికిరారని మా అత్తయ్యగారంటున్నారండి. మరి వచ్చేది మా అత్తయ్యగారే. మీకేమైనా పట్టింపులున్నాయాండీ?"

అడగనంతసేపూ ఎవరికీ లేవు. అడిగాక అందరికీ వచ్చాయి.

మూడోరోజు లక్ష్మీదుర్గ మోచేతులదాకా ఆవకాయలో పెట్టి తిరగగలుపుతుంటే కంపెనీ కుర్రాడు చరణ్‌తేజ వచ్చాడు. ఇచ్చిన మజ్జిగ తాగాడు. ఎండ గురించి మాట్లాడాడు. చెరువుల్లో నీటి గురించి మాట్లాడాడు. ప్రసూనాంబకు విసుగొచ్చింది.

"వచ్చిన పని చెప్పవయ్యా."

"ఏంలేదండి మేడం. మిగతా డీలర్లందరూ జంటలుగా వస్తున్నారండి. బయలుదేరే ముందు స్టేజి మీద దంపతులకి తాంబూలాలు, దండలూ ఉన్నాయండి. ఆడవాళ్ళు కొంచెం ఫీలవుతున్నారండి. అంటే, మొదటి ఫారిన్ ట్రిప్పు కదండీ."

"ఎవరు ఫీలవుతున్నారు? నా కన్నా బస్తా ఎక్కువ అమ్మినావిడ ఎవరన్నా ఉందా వాళ్ళల్లో?"

"అయ్యో, లేరండి. మీరు వస్తానంటే వద్దనేవాళ్ళు ఎవరూ లేరండి. మీ పేరు మీదే వచ్చింది ట్రిప్పు. ఆ పట్టింపు కూడా ముందు మీరే చెప్పారన్నారండి వాళ్ళు. అందుకని ఒకమాట అడుగుదామని."

ఇందుజ ఖాళీ గ్లాసు తీసుకోవడానికి వచ్చి, తలవంచుకుని నిలబడింది. ప్రసూనాంబ కోడలి పాపిట్లో కుంకుమ వంక చూసింది. అప్పుడర్థమైంది.

వస్తానని ఒక్కమాట అంటే చాలు. ఆ కుర్రాడే చెప్పాడు, వద్దనేవాళ్ళు లేరని. వెళ్ళొచ్చు, నల్లరాళ్ళ మీద ఆ ముసల్దాని పక్కన నిలబడొచ్చు. కానీ దారి పొడుగునా తోటి ఆడవాళ్ళు ఆవిడ ఎదురొస్తుందేమోనని ఆగి ఆగి నడుస్తారు. ఒకళ్ళు ఓర్చుకుంటే బతకడం ప్రసూనాంబకు తెలీదు. అవతలివాళ్ళని ఓర్చుకునేలా చెయ్యడమే తెలుసు.

నవ్వింది. "నీకెవరు చెప్పారయ్యా నేనొస్తానని? ముందునుంచీ కొడుకూ కోడలే వెళ్తున్నారు. ఈ వయసులో నాకు కొండలూ గుట్టలూ ఎందుకు?"

వీర్రాజు కంగారుగా లేచాడు. "అమ్మా, నాకు విమానం అంటే కడుపులో తిప్పుతుంది."

"తిప్పితే కక్కు. పెళ్ళాం పడుతుంది."

లక్ష్మీదుర్గ తలెత్తలేదు. జాడీలో అడుగునున్న ముక్కలు పైకి, పైనున్నవి అడుక్కి, నెమ్మదిగా కలుపుతూనే ఉంది.

బయలుదేరే రోజు పొద్దున్నే వీధిలో కారు ఆగింది. ఇందుజ జరీ చీర కట్టింది, తలనిండా మల్లెలు పెట్టింది. లక్ష్మీదుర్గ కలిపిన ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాల్లోకెక్కి, టేపు చుట్టించుకుని, పెట్టెలో సర్దుకుంది. లక్ష్మీదుర్గ కూడా మొదటి బస్సుకే ఏలూరు నుంచి దిగింది. రమ్మని ఎవరూ అనలేదు. ఎందుకొచ్చావని కూడా ఎవరూ అడగలేదు.

ప్రసూనాంబ అరుగు దిగి కారు దగ్గరికి వచ్చింది. ఆ ఈల వేసే ముసల్ది కనిపిస్తే ఫోటో తియ్యమని కొడుకుతో చెప్పాలనుకుంది. నోరు తెరిచేలోపు ఇందుజ కిటికీ దించి, ఎంతో మెత్తగా అంది.

"అత్తయ్యగారూ, కాస్త లోపలికి వెళ్తారాండి. మేం మలుపు తిరిగాక వద్దురుగాని."

డ్రైవరు అద్దంలో చూస్తున్నాడు. ఎదురింటివాళ్ళు చూస్తున్నారు. వీర్రాజు తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. పదేళ్ళుగా ఆకివీడుని నోటితో ఆడించిన మనిషి ఆ నిమిషాన బొడ్లో తాళాలు తడుముకుంది.

లక్ష్మీదుర్గ వచ్చి చేయి పట్టుకుంది.

"రండి వదినగారూ, మేత బస్తాల గదిలో కూర్చుందాం. కారు చప్పుడు ఆగేదాకా తలుపు తియ్యకూడదండి. నాకు అలవాటే. మీకు నేర్పుతాను."

గదిలో చేపపిండి, తవుడు కలిసిన వాసన. లక్ష్మీదుర్గ తలుపు దగ్గరకేసి, కొంగుతో ఒక బస్తా దులిపింది. "ఇలా కూర్చోండి. ఈ మూల చల్లగా ఉంటుంది. వీర్రాజు పెళ్ళప్పుడు నేను ఇక్కడే కూర్చున్నానండి. బాజాలు బాగానే వినబడ్డాయి."

ప్రసూనాంబ కూర్చుంది. బయట కొబ్బరికాయ కొట్టారు. ఎవరో ముత్తైదువని ఎదురు రమ్మని కేకేశారు. ఆవిడ ఊపిరి బిగబట్టింది. కారు స్టార్టయింది, కదిలింది, చేపల లారీల మధ్య హారను కొట్టుకుంటూ వెళ్ళింది, మలుపు తిరిగింది. చప్పుడు పూర్తిగా ఆగాక గాని గాలి వదల్లేదు. వదిలితే పళ్ళ సందుల్లోంచి సన్నగా ఈలలా వచ్చింది.

"ఏంటండీ వదినగారూ, ఆయాసమా?" అంది లక్ష్మీదుర్గ. "మొదట్లో అలాగే ఉంటుంది లెండి."