చెల్లి తెచ్చిన చుక్కల పేజీ

నా చెల్లెలు వెబ్ పేజీల డిజైన్ నేర్చుకుని, ఆ పని వదిలేసి, ఇప్పుడు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చుంటోంది. వదిలేయించింది నేనే. తిట్టో కొట్టో కాదు, ఒక మధ్యాహ్నం బేరగాడిలా మాట్లాడి.

మాది హిందీ మాట్లాడే బిలాస్‌పూర్‌లో, తెలుగువాళ్ళుండే రైల్వే కాలనీ పక్కన స్టీలు సామాన్ల కొట్టు. చిన్నప్పుడు హోల్‌సేల్ బజారులో ఏ గిన్నో చూసి నా కళ్ళు మెరిశాయంటే నాన్న తొడ మీద గిల్లేవారు. సరుకు నచ్చినట్టు కనబడితే అమ్మేవాడు ధర దించడని. అలా ఎంత నచ్చితే అంత మూతి విరవడం నాకు అలవాటైంది. పెళ్ళిచూపుల్లో పిల్ల తెగ నచ్చి, కాఫీ చల్లారిపోయిందన్నాను. మా ఆవిడ ఈనాటికీ మరిచిపోలేదు.

కోర్సులో చేరాక చెల్లి, కొట్టు ఖాళీగా ఉండే వేళల్లో, వింత వింత పేజీలు వెతికి తెచ్చి చూపించేది, లింకు నా ఫోనుకీ పంపేది. పటం మీద రైళ్ళు చీమల్లా పాకే పేజీ ఒకటి. ఏడాది వానను రోజుకో దారంగా నేసిన పేజీ ఇంకొకటి. నేను "ఇదేటి, పిల్లల బొమ్మలాగుంది" అని తోసేసేవాణ్ణి. ఆమె లోపలికి వెళ్ళగానే నా ఫోనులో మళ్ళీ తెరిచి, గిరాకీ వచ్చి కేకేసేదాకా చూసేవాణ్ణి. ఆ ముక్క మాత్రం ఆమెకు చెప్పలేదు.

ఒకరోజు చుక్కల పేజీ తెచ్చింది. ఒక్కో చుక్కా ఏదో కొట్టుకు వచ్చిన ఒక మనిషి. తెలుగులో అడిగినవాళ్ళు పసుపు, హిందీలో అడిగినవాళ్ళు బూడిద రంగు. వేలు పెడితే వాళ్ళు అడిగిన మాట కనబడుతుంది. పైన ముసలివాళ్ళు, కింద పిల్లలు. కిందికి పోయేకొద్దీ పసుపు పలచబడి, చివరికి లేకుండా పోయింది. ఆ ఖాళీ దగ్గర్నుంచి మళ్ళీ పైకి, పసుపు దాకా, రెండుసార్లు జరిపి చూశాను.

"ఎలాగుంది అన్నయ్యా?"

"ఏటుంది ఇందులో? ముగ్గుకి చుక్కలెట్టి గీతలు మరిచిపోయినట్టుంది."

"మజాక్ కాదు, నిజం చెప్పు. ఇలాటిది చూపిస్తే కంపెనీవోళ్ళు ఉద్యోగమిస్తారా?"

"ఈ చుక్కలకా? ఊరికే ఇచ్చినా ఒద్దంటారు."

"అచ్ఛా," అని ఫోను తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఏ పేజీ తేలేదు. ఆస్పత్రిలో చేరింది. తీరిక లేదేమో అనుకున్నాను.

మొన్న రిటైరైన రైలు గార్డుగారి భార్య మనవరాలిని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చారు. ఆవిడ "పళ్ళేలు చూపించు నాయనా" అంటే, మనవరాలు "జల్దీ కరో దాదీ" అని తొందరపెట్టింది. ఆ పేజీ ఆవిడకు చూపిద్దామని లింకు నొక్కాను. తెరుచుకోలేదు. సాయంత్రం కొట్టు కట్టేసి లోపలికెళ్ళి చెల్లిని అడిగాను.

"తీసీసేను," అంది.

"ఎవరిదో పేజీ నువ్వు తీసీడమేటి?"

"నాదే అన్నయ్యా. కొట్టు మనదే. గల్లా పక్కన కూచుని ఆర్నెల్లు రాసుకున్నాను."

ఆ ఆర్నెల్లూ ఫోనుతో ఆడుకుంటోందని కసిరాను నేను.

"నాకెంత నచ్చిందో తెలుసా? నచ్చితేనే అలాగంటానని నీకు తెలీదేటి? నువ్వూ ఈ కొట్లోనే పెరిగేవు కదా!"

"తెలుసు. అమ్మీవోళ్ళతో అలాగంటావు. నేను నీకు అమ్మడానికొచ్చేనేటి?"

"మళ్ళీ పెట్టు. కంపెనీకి పంపు."

"లాప్‌టాప్ కోర్సువోళ్ళది, తిరిగిచ్చీసేను. ఫైళ్ళు లేవు. నీకే నచ్చలేదనుకుని ఎవరికీ పంపలేదు. ఇప్పుడెందుకులే, ఒగ్గీ."

లేచిపోయే గిరాకీని వెనక్కి పిలవడానికి నా దగ్గర వంద మాటలుంటాయి. అవన్నీ కొట్టు మాటలే. ఆమె ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదో తడివేలితో తాకి చూసి, మర్నాటి డ్యూటీ చీర మడత విప్పింది.