నొప్పి చెప్పని మర్యాద

ఫినాయిల్ వాసన తగిలితే అందరికీ ఆసుపత్రి గుర్తొస్తుంది. నాకు ఒడిశాలోని బరంపురంలో వలతాళ్ల దుకాణం గుర్తొస్తుంది. దాని యజమానురాలు రత్నాలమ్మగారి దగ్గర నేను గుమాస్తాగా ఉండేవాణ్ణి. సముద్రపొడ్డు పల్లె పొడంపేటలోని తెలుగు జాలర్లకు ఈ పట్నంలో తెలిసిన మనిషి ఆవిడొక్కరే కనుక, ఒంట్లో బాగులేకపోయినా ముందు మా కొట్టుకే వచ్చేవారు. ఆవిడ కొట్టుకు తాళం వేసి, నన్ను వెంటేసుకుని, వాళ్లను పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లేవారు. అక్కడ గోడమీద బాణం గుర్తు వెంట వెళితే తాళం వేసిన తలుపొస్తుంది. ఆ బాణం గీసిన మహానుభావుడికి జన్మలో కడుపునొప్పి వచ్చి ఉండదు. దారి అడిగితే చూపించే చేతులకు కొదవ లేదు. వెంట నడిచే కాళ్లే ఉండవు.

ఒక మధ్యాహ్నం పెంటయ్య అనే జాలరి కొట్టుకు వచ్చాడు. ఛాతీ పట్టుకుని, చెమటలో తడిసి, భార్య భుజంమీద వాలిపోయి ఉన్నాడు. ఎలాగో డాక్టరు ముందుకు చేర్చాం. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తకుండానే ఏమైందని ఒడియాలో అడిగాడు. అంతవరకు వాలిపోయిన మనిషి నిటారుగా నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, దండం పెట్టి, తమ దయవల్ల బాగానే ఉన్నానని ఆ భాషలోనే విన్నవించుకున్నాడు. డాక్టరు సంతోషించి, మామూలు రోగుల వరుసలో నిలబడమన్నాడు. అంతటి వైద్యం నేనూ చేయగలను.

పెంటయ్య భార్య అప్పుడే వెనక్కి తిరిగింది. రత్నాలమ్మగారు కదల్లేదు.

"బాగుంటే ఇక్కడికేటి, పెళ్లికొచ్చావా? ఎక్కడ నొప్పో సెప్పు."

"పెద్దోళ్ల ముందర అలాటివి సెప్పకూడదు గదా, సావుకారమ్మా," అని గొణిగాడు పెంటయ్య.

ఆవిడ డాక్టరు వైపు తిరిగి, ఇతను మీకు మర్యాద చేశాడే గాని జబ్బు చెప్పలేదని, తల ఎత్తి మొహం చూడమని ఒడియాలో అన్నారు. ఆయన చూశాడు. అంతవరకు లేని స్ట్రెచరు ఎక్కడినుంచో పుట్టుకొచ్చింది. గుండెపోటు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని సాయంత్రం మాకు చెప్పిందీ ఆ డాక్టరే, అదేదో మా తప్పయినట్టు.

బయటికొచ్చాక పెంటయ్య దండాన్ని అభినయించి చూపించాను.

"నవ్వకురా. ఆడు అలా దండమెట్టుకుంటానే సచ్చిపోయేవోడు," అన్నారావిడ.

ఆవిడ ఇప్పుడు లేరు. జాలర్లు కొట్టుకు వస్తూనే ఉన్నారు, నేను వెంట నడుస్తూనే ఉన్నాను. నొప్పి ముందు, దండం తరువాత అని దారిలోనే పాఠం చెబుతాను. మొన్నొక ముసలాయన నేను చెప్పినట్టే డాక్టరు ముందు గట్టిగా మూలిగాడు. మరుక్షణమే తప్పు చేసినవాడిలా తల దించుకుని, క్షమించమని ఆయన్ని వేడుకున్నాడు.

నాకు నవ్వు రాలేదు.