తారు అయిపోయే చోట

ఎత్తు పెంచిన జీపుకు ముందు ఇరుసు వాలు తప్పుతుంది. ఇక స్టీరింగ్ తప్పతాగినవాడిలా అటూ ఇటూ పోతుంది. కమాను కట్ట కింద ఇనుప బిళ్ల దూర్చి దాన్ని దారికి తేవడంలో మెకానిక్ బాబాయిది అందెవేసిన చెయ్యి. బిగించాక చేతులు రెండూ వదిలేసి, మీసం దువ్వుకుంటూ నడిపి చూస్తాడు. తారు అయిపోయి కొండదారి మొదలయ్యే చోట వెనక్కి తిప్పేస్తాడు. పరాయి బండి కదా! పెళ్లిళ్లు కుదిర్చేవాడు బ్రహ్మచారిగా మిగిలినట్టు, అతను బాగుచేసిన జీపులన్నీ ఆ కొండ ఎక్కాయి, అతనే ఎక్కలేదు.

మొన్న ఒక జీపు యజమానురాలు అతని పక్కన కూర్చుంది. “స్టీరింగ్ మీద చెయ్యి పెట్టు బాబాయ్, గుండె ఆగేలా ఉంది!” అని అరిచింది. బండి మాత్రం గీత గీసినట్టు పోయింది. తారు అయిపోయింది. అతను బండి ఆపి, కొండకేసి చూశాడు.

“ఇంకా కాస్త పక్కకు లాగుతోందమ్మా. పైదాకా వెళ్లి చూడాలేమో.”

ఆమె అతని కళ్లలోకి చూసింది.

“అవును బాబాయ్, నాకూ అలాగే అనిపించింది. పైకి పోనీ.”